52లోంచి 27 పోతే 35 అన్న పిల్లాడు

(డైట్ కాలేజీలో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, రెండో ఏడాది ఛాత్రోపాధ్యాయుల ముందు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి ఇది రాతప్రతి.)

అందరికీ నమస్కారం. వెనక బల్లల వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు గట్టిగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు పక్కన పెట్టి నేనే మీ మధ్యకొచ్చి మాట్లాడతాను.

నాకిచ్చిన విషయం 'ఉపాధ్యాయుడి సొంత విద్యా తత్వం'. ఆ మాట వినగానే కొందరి మొహాల్లో పరీక్ష టెన్షన్ కనిపించింది. ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదివేవాళ్ళకి విద్యా తత్వం అంటే విద్యా దృక్పథాల పేపరులో కొన్ని మార్కులు, అంతేగా. ప్రకృతివాదం ఎవరిది, కిండర్‌గార్టెన్ ఎవరు మొదలుపెట్టారు, గాంధీగారి వార్ధా పథకం ఏ ఏడాది. రూసో, ఫ్రోబెల్, 1937. నేనూ ఇలాగే బిట్లు బిట్లుగా చదివాను, బిట్లుగానే రాశాను, 2002లో ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు, ఉద్యోగం వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరు, రెండు గదుల బడి, ఇద్దరు టీచర్లం, అయిదు తరగతులు. మూడు, నాలుగు, అయిదు నావి.

మొదటి రోజు ఆ గదిలోకి వెళ్ళి నిలబడితే రూసో గుర్తు రాలేదు, ఫ్రోబెల్ గుర్తు రాలేదు. నా చిన్నప్పటి మూడో తరగతి మేష్టారు గుర్తొచ్చారు. ఆయన కుర్చీ ఎటువైపు వేసుకునేవారో నేనూ అటే వేసుకున్నాను. ఆయన ముందు వరసలో వాళ్ళని ప్రశ్న అడిగేవారు, నేనూ వాళ్ళనే అడిగాను. బెత్తం కూడా తెప్పించుకున్నాను, ఎవరూ చెప్పకుండానే. అంటే నాకు విద్యా తత్వం లేదని కాదు, ఉంది, ఇరవై ఏళ్ళ కింద ఇంకొకరి దగ్గర చూసి ఒంటబట్టించుకున్నది, నాకు తెలియకుండానే నా చేతుల్లోంచి బయటికొస్తోంది. మీ అందరిలోనూ అలాంటిది ఒకటి ఇప్పటికే ఉంది. పన్నెండేళ్ళు బడిలో కూర్చుని వచ్చారు కదా, అదే మీకు మొదటి శిక్షణ. ఈ కాలేజీలో రెండేళ్ళు దాని ముందు చాలా చిన్నవి. కాబట్టి సొంత తత్వం తయారు చేసుకోవడమంటే ఖాళీ కాగితం మీద కొత్తగా రాసుకోవడం కాదు, ముందు లోపలున్నది ఏమిటో బయటికి తీసి చూసుకోవాలి. అది నాకెలా జరిగిందో చెబుతాను, మీకు వేరేగా జరగొచ్చు.

చేరిన ఏడాదే, దసరా సెలవుల తర్వాత. మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నాను. బోర్డు మీద 52, దాని కింద 27 వేశాను. ఒక పిల్లాడు పలక మీద 35 వేసి తెచ్చాడు. తప్పు అని కొట్టేసి, మళ్ళీ చెయ్యమని పంపాను. మళ్ళీ 35 తెచ్చాడు. అప్పటికి వారం రోజులుగా ఇదే తంతు. 63లోంచి 48 పోతే 25 అంటాడు, 41లోంచి 19 పోతే 38 అంటాడు. బద్ధకం అనుకున్నాను, శ్రద్ధ లేదనుకున్నాను, ఒకటి రెండుసార్లు చేతి మీద వేశాను కూడా. ఆ రోజు ఎందుకో, బహుశా రెండో టీచరు సెలవులో ఉండి అయిదు తరగతులూ నా మీద పడి ఓపిక అయిపోయి కాబోలు, కొట్టే బదులు వాడి పక్కన నేల మీద కూలబడి "ఎలా చేశావురా?" అని అడిగాను.

వాడు వేలితో చూపించాడు. "రెండులోంచి ఏడు పోదు కదా మేస్టారు. అందుకని ఏడులోంచి రెండు తీసీసినాను. అయిదు. అయిదులోంచి రెండు, మూడు."

ఒక్కసారి ఆ లెక్కలన్నీ చూడండి. 52, 27. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశాడు, ప్రతి నిలువు వరసలోనూ. 63, 48 లోనూ అదే. 41, 19 లోనూ అదే. వాడికి శ్రద్ధ లేకపోవడమేమిటి, వారం రోజులుగా ఒకే నియమాన్ని ఒక్క చోట కూడా తప్పకుండా పాటిస్తున్నాడు. చిన్నదాంట్లోంచి పెద్దది పోదు అని రెండో తరగతిలో మనమే చెప్పాం. దాన్ని పట్టుకుని తనే ఒక దారి కనిపెట్టుకున్నాడు. దారి తప్పే, కానీ ఆలోచించి వేసుకున్న దారి. నేను వారం రోజులు ఆలోచనకి దెబ్బలు వేశాను.

అప్పుడు నేను 'పక్కింటి నుంచి ఒక పది అప్పు తెచ్చుకో' అని, మనందరికీ నేర్పినట్టే చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని అడిగాడు: "అప్పు తెచ్చింది మళ్ళీ ఎప్పుడు ఇచ్చీయాలి మేస్టారు?" వాళ్ళ నాన్న ఊళ్ళో షావుకారు దగ్గర ఖరీఫ్ పెట్టుబడికి అప్పు తెచ్చేవాడు, ఆ ఇంట్లో అప్పు అనే మాటకి ఒక బరువుంది. తెచ్చిన అప్పు తీర్చకుండా లెక్క ఎలా పూర్తవుతుంది? ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే లెక్కల్లో అది అప్పు కానే కాదు. 52లో అయిదు పదులున్నాయి, ఒక పదిని విప్పి పది ఒకట్లు చేసుకుంటున్నాం, ఎవరి సొమ్మూ తేవడం లేదు. మర్నాడు చీపురు పుల్లలు విరిచి, పదేసి కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి తీసుకెళ్ళాను. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. "ఏడు పుల్లలియ్యిరా" అన్నాను. రెండే ఉన్నాయి. వాడు నా మొహం చూశాడు, కట్టల వైపు చూశాడు, నేనేమీ చెప్పకుండానే ఒక కట్టకి రబ్బరు బ్యాండు లాగేశాడు. పన్నెండు విడి పుల్లలు. ఏడు నా చేతిలో పెట్టాడు, అయిదు మిగిలాయి. తర్వాత రెండు కట్టలు ఇచ్చాడు, రెండు కట్టలు మిగిలాయి. 25. ఆ రోజు నుంచి నా తరగతిలో అప్పు తేవడం అనే మాట లేదు. 'కట్ట విప్పుదాం' అంటాం.

ఇంత చిన్న విషయాన్ని ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, నా సొంత తత్వంలో మొదటి వాక్యం అక్కడ పుట్టింది. 'తప్పు జవాబు వెనక ఒక ఆలోచన ఉంటుంది, దాన్ని వినకముందు దిద్దకూడదు.' ఈ మాట ఏ పుస్తకంలోనైనా ఉండొచ్చు, ఉండే ఉంటుంది, నేను చదివే ఉంటాను. కానీ ఆ పలక పక్కన కూలబడేదాకా అది నాది కాలేదు. ఇది నాదయ్యాక నా పని మారిపోయింది. దిద్దడం మారింది, ఇంటు పెట్టే ముందు ఎలా చేశావని అడగాలి. టైము పట్టే తీరు మారింది, అందరి పలకలూ దిద్దడం కుదరదు, రోజుకి నాలుగైదు పలకలే నిదానంగా చూడాలి. బెత్తం పోయింది. చట్టం వచ్చి తీయించలేదు, విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. నాది అంతకు ముందే పోయింది, ఎందుకంటే ఎలా చేశావురా అని అడిగే మనిషి చేతిలో బెత్తం ఉంటే పిల్లాడు నిజం చెప్పడు.

తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అంటే, లేదు. "మేస్టారూ, కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి, మేం ఏమీ అనుకోం" అని ఒక తండ్రి పిల్లాడి ముందే చెప్పాడు. మీకూ చెబుతారు. వాళ్ళకి పిల్లాడంటే ప్రేమ లేక కాదు, తమకి అందని చదువు వీడికి ఎలాగైనా ఎక్కాలన్న ఆత్రం. ఆయనతో నేను వాదించలేదు, పిల్లాడి చేత ఆయన ముందే పుల్లలతో లెక్క చేయించాను. ఆయన ఇంకో లెక్క ఇమ్మన్నాడు. ఆ తర్వాత కొట్టమని ఎప్పుడూ అనలేదు.

రెండో సంగతి ఇంతకంటే కష్టమైనది, చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అందరు పిల్లలూ నాకు సమానమే అని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఎవరడిగినా అదే చెప్పేవాణ్ణి. ఒకసారి చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఒక పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న హెడ్మాస్టరు, "నువ్వు రోజుకి ఎవరెవర్ని ప్రశ్న అడుగుతున్నావో ఒక వారం చుక్కలు పెట్టి చూడు" అన్నారు. హాజరుపట్టీ లాంటిదే ఒక కాగితం మీద 34 మంది పేర్లు రాసుకున్నాను, ప్రశ్న అడిగినప్పుడల్లా ఆ పేరు పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క. శనివారం సాయంత్రం చూసుకుంటే దాదాపు చుక్కలన్నీ 9 మంది పేర్ల పక్కనే ఉన్నాయి. 11 మంది పేర్ల పక్కన ఒక్క చుక్క కూడా లేదు, వారం మొత్తానికి. ఆ 11 మందిలో 8 మంది ఆడపిల్లలు. ఏడుగురు ఊరి చివర పేట నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళు కిటికీ పక్కన వెనక వరసలో కూర్చునేవారు, ఎవరూ కూర్చోమనలేదు, ఊళ్ళో ఎలా ఉందో గదిలోనూ అలా సర్దుకున్నారు. నేను చూస్తూ ఉండి కూడా చూడలేదు.

మనం నమ్ముతున్నామని నోటితో చెప్పేది వేరు, ఆ చుక్కలు చెప్పేది వేరు. అసలు తత్వం ఆ చుక్కలది. మీరు బడికి వెళ్ళాక దయచేసి ఈ ఒక్క పని చెయ్యండి, ఒక్క వారం చుక్కలు పెట్టండి, ఎవరికీ చూపించక్కర్లేదు. నేను ఆ తర్వాత సోమవారం నుంచి కూర్చునే చోట్లు వారానికోసారి మార్చాను, చీటీలు వేసి. మొదటి వారం ఇద్దరు ముగ్గురు ఇళ్ళ నుంచి గొణుగుడు వచ్చింది. ఒకావిడ బడికే వచ్చి, మా పిల్లని ఎవరి పక్కన కూర్చోబెట్టారని అడిగింది. చీటీలో వచ్చింది అమ్మా, వచ్చే వారం మళ్ళీ మారుతుంది అన్నాను. అంతకంటే పెద్ద ప్రసంగం చెయ్యలేదు. చీటీలు మాత్రం ఆపలేదు. పేట నుంచి వచ్చే ఒక పాప, ఏడాదిన్నరలో నాకు గొంతు ఎలా ఉంటుందో తెలియని పాప, మూడో వారం ముందు వరసలోకి వచ్చినప్పుడు పాఠం మధ్యలో నన్ను ఆపి, బోర్డు మీద ఒత్తు తప్పు రాశానని చెప్పింది. నిజంగానే తప్పు రాశాను. సరి చేసి, థాంక్స్ అమ్మా అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ చాలాసేపు సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళాను.

ఇక భాష. మన జిల్లా పిల్లాడు "అన్నం తినీసినాను మేస్టారు", "మాయమ్మ సంతకెలిపోనాది" అంటాడు. మనం వెంటనే "తినేశాను అనాలి, వెళ్ళిపోయింది అనాలి" అంటాం. రోజుకి పదిసార్లు దిద్దితే ఆ పిల్లాడు నేర్చుకునేది ఒకటే, మాట్లాడకపోవడం. మా బడిలో వాచకం భాష నేర్పుతాం, కచ్చితంగా నేర్పుతాం, రేపు పరీక్ష రాయాలి, పేపరు చదవాలి. కానీ పిల్లాడు ఇంటి మాటలో ఒక సంగతి చెబుతుంటే ముందు సంగతి వింటాం. భాష సంగతి రాసేటప్పుడు చూసుకుంటాం.

ఇది నా సొంత గొప్ప కాదు. మన శ్రీకాకుళం మట్టిలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారిది. ఆయన పేరు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు దండ వేసి చెబుతాం, వ్యావహారిక భాషోద్యమం, అంటే వాడుక భాషలో రాయాలన్న ఉద్యమం, అని ఒక బిట్టు. ఆయన బడిపంతులని మాత్రం మర్చిపోతాం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో పంతులుగా చేరారు, చరిత్ర చెప్పేవారు. చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులుండేవారు. వాళ్ళకి చదువు చెప్పాలంటే వాళ్ళ భాష తనకి రావాలనుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు, సవర భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాలకి డబ్బివ్వబోతే, నాకొద్దు, దానితో వాళ్ళకి ఒక మంచి బడి పెట్టండి అన్నారంటారు. ఆ కొండల్లో తిరుగుతూ మలేరియా జ్వరం వస్తే వాడిన క్వినైను వల్ల వినికిడి పోయింది. వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటం ఆ తర్వాతిది, దానికీ మూలం తరగతి గదే. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగుకీ పంతుళ్ళు చెప్పే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగువారు వదల్లేదు.

చూడండి, ఆ క్రమం నాకు చాలా ఇష్టం. ముందు పిల్లలు, తర్వాత ప్రశ్న, తర్వాత సిద్ధాంతం. మనం బిట్లుగా చదివే పెద్దలు చాలామంది అలాగే నడిచారు. రవీంద్రుడికి తను చదివిన బడిగది ఊపిరాడనివ్వలేదు, 1901లో శాంతినికేతన్‌లో అయిదుగురు పిల్లలతో చెట్ల కింద మొదలుపెట్టాడు. అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో బడి తెరిచి, అందులో వంటా వడ్రంగమూ నేర్చుకుంటున్న పిల్లల్ని చూస్తూ తన మాటలు సరిచేసుకున్నాడు. సావిత్రీబాయి, జోతీరావు ఫూలేలు 1848లో పూనాలో ఆడపిల్లల బడి పెట్టారు, దాని వల్ల ఇల్లు వదలాల్సి వచ్చింది. వీళ్ళందరినీ పరీక్ష కోసం చదవండి, మార్కులు తెచ్చుకోండి. ఉద్యోగం వచ్చి రెండేళ్ళయ్యాక మళ్ళీ చదవండి. అప్పుడు వాళ్ళు మీతో మాట్లాడతారు, ఎందుకంటే అప్పటికి మీ దగ్గర అడగడానికి ప్రశ్నలుంటాయి.

తత్వం ఒకసారి ఏర్పడితే అలాగే ఉండిపోతుందనుకోకండి. నాది ఒకచోట బాగా మారింది. మొదట్లో గుణింతాలు బట్టీ పట్టిస్తేనే చదువొస్తుందని నమ్మాను, మా మేష్టారు అలాగే నేర్పారు. తర్వాత ట్రైనింగుల్లో పదం నుంచి అక్షరానికి వెళ్ళే పద్ధతి చెప్పారు, బొమ్మ, దాని పేరు, అందులోంచి అక్షరాలు. నాకు చాలా నచ్చింది, గుణింతాల పట్టిక గోడ మీద నుంచి తీసేశాను. పిల్లలు సంతోషంగా చదివారు, అరక, పడవ, వల. ఆరు నెలలకి ఒకమ్మాయి చేతిలో పాత వాచకం పెడితే చదవలేకపోయింది. బొమ్మలు చూసి పేర్లు చెప్పడం వచ్చింది, కొత్త పదం కూడబలుక్కోవడం రాలేదు. అప్పుడు పట్టిక మళ్ళీ గోడ ఎక్కింది. కాకపోతే ఇప్పుడు క, కా, కి, కీ అని పాడి వదిలెయ్యం. 'కి' దగ్గర ఆగి కిటికీ, కిరాణా, కిక్కు అని వాళ్ళకి తోచిన పదాలు వాళ్ళే చెబుతారు, నేను బోర్డు మీద రాస్తాను. పాత మేష్టారిదీ కాదు, ట్రైనింగుదీ కాదు, ఆ అమ్మాయి వల్ల వచ్చింది. మీ నమ్మకానికీ పిల్లకీ తగాదా వస్తే పిల్ల వైపు నిలబడండి.

ఇవన్నీ బాగానే ఉన్నాయి సార్, బడిలో టైమేదీ అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. యాప్‌లో హాజరు, యాప్‌లో మధ్యాహ్న భోజనం, కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫోటోలు కూడా, సిగ్నల్ లేక మేడ మీదకెక్కి అప్‌లోడ్. ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల మార్కులు రేపటికల్లా ఎక్కించాలి అని రాత్రి 9కి వాట్సాప్‌లో మెసేజ్. దీని మీద నాకు కోపం ఉంది, యూనియన్ మీటింగుల్లో చెబుతూనే ఉంటాను. అయినా పీరియడ్‌లో ఆ 40 నిమిషాలు తలుపు దగ్గరికేసుకున్నాక ఎవర్ని అడగాలో, తప్పు చెప్పినవాడితో ఏమనాలో ఏ సర్క్యులరూ చెప్పదు. అది మీదే. అందులో రోజుకి ఒక్క పిల్లాడి మీద మూడు నిమిషాలు పెట్టగలిగితే ఏడాదికి ఎంతవుతుందో లెక్క మీరే వేసుకోండి, పని దినాలు 220 అనుకుని.

నేను చేసేది ఇంతే. ఒక వంద పేజీల నోట్‌బుక్ ఉంటుంది, పాఠ్య ప్రణాళిక రాసే పుస్తకం కాదు, మండల విద్యాధికారిగారు చూసేది కాదు. సాయంత్రం బడి తాళం వేసే ముందు రెండు మూడు వాక్యాలు రాస్తాను. ఈ రోజు నేను ఫలానా పని చేశాను. ఎందుకు చేశాను? 'ఎందుకు' దగ్గర నిజం రాయాలి. "గొడవ చేస్తున్నాడని బయట నిలబెట్టాను. ఎందుకు? వాడి కోసం కాదు, నాకు తలనొప్పిగా ఉంది." ఇలా రాసినవి నా పుస్తకాల్లో చాలా ఉన్నాయి. ఏడాది చివర మే నెలలో కూర్చుని మొత్తం చదువుతాను, మళ్ళీ మళ్ళీ వచ్చే మాటల కింద గీత గీస్తాను. కొన్నిటికి సంతోషిస్తాను, కొన్నిటిని బడి తెరిచే జూన్ 12కి మార్చుకోవాలని చివరి పేజీలో రాసుకుంటాను. ఇంటర్వ్యూలో ఎవరైనా మీ విద్యా తత్వం ఏమిటని అడిగితే నేను చెప్పగలిగేది ఆ గీతల కింద ఉన్నదే.

ఇప్పుడు నేను ఆపుతాను, మీ చేత ఒక పని చేయిస్తాను. ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీరు చిన్నప్పుడు తరగతిలో తప్పు చెప్పినప్పుడు మీ టీచరు ఏం చేశారు, ఒక్క సంఘటన, మంచిదైనా చెడ్డదైనా. టీచరు పేరు వద్దు. ఎక్కడ నిలబడ్డారు, ఏమన్నారు, మీ చేతిలో ఏముంది, అలా దగ్గరగా రాయండి. దాని కింద, ప్రాక్టీస్ టీచింగ్‌లో ఒక పిల్లాడు తప్పు చెప్పినప్పుడు మీరు ఏం చేశారో రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి చదువుకోండి. పది నిమిషాలు. పెన్ను లేనివాళ్ళు ఇలా రండి, నా దగ్గర రెండున్నాయి. నేనూ ఇక్కడే కూర్చుని రాస్తాను.